పొగ డబ్బాలో చెంబెడు నీళ్ళు

“మేడమ్ హాఫ్ క్లచ్ మీద నడుపుతరు సార్. లేడీస్ బండ్లన్నీ గిట్లనే అయితయి,” అన్నాడు సదాశివ.

ఆ మాట అన్నది హరికిషన్‌తో. బండి హరికిషన్‌ది కాదు, ఆయన భార్య స్వర్ణలతది. కాగితాల్లో పేరు ఆమెది. తాళంచెవి ఉన్నది ఆమె చేతిలో. పొగ పరీక్షలో ఫెయిలైనట్టు ఇచ్చిన చీటీ ఉన్నది ఆమె సంచిలో. హరికిషన్‌కు ఆ కారుతో సంబంధం పక్క సీటు వరకే. అక్కడ కూర్చుని, బ్రేకు లేని చోట బ్రేకు తొక్కుతూ ఉంటాడు. ఇవన్నీ మెకానిక్ సదాశివకు తెలుసు. తెలిసీ, ఎదురుగా నిలబడిన మనిషిని గ్యారేజీ స్తంభాల్లో ఒకదాని కింద జమకట్టి, ఆమె భుజం మీదుగా వెనకున్న సార్‌తో మాట్లాడుతున్నాడు.

“కింద క్యాట్‌కాన్ అని ఒకటి ఉంటది సార్. క్యాటలిటిక్ కన్వర్టర్. ఇంజను పొగను సాఫ్ చేసి ఇడుస్తది. హాఫ్ క్లచ్‌ల నడిపితే ఇంజను మీద లోడ్ పడి, అది లోపల్లోపల్నే కాలిపోతది. మీది ఖతం.”

“నువ్వు కిందికి వంగి చూడనే లేదు. కాలిందని ఎట్ల తెలిసింది?” అని అడిగింది స్వర్ణలత.

“చప్పుడు ఇంటే తెలుస్తది సార్,” అని హరికిషన్‌కు జవాబిచ్చాడు సదాశివ.

ఇంజను ఆపేసి ఉంది.

“ఏం పరేషాన్ కాకుండ్రి. కొత్తది కొనుడు దండుగ. ఉత్త గొట్టం ఒకటి వెల్డింగ్ చేసి పెడ్త, టెస్టు సంగతి నేను చూసుకుంట. పాతది ఇక్కడ్నే ఇడిసిపెట్టుండ్రి. అది తుక్కు, మీరేం చేసుకుంటరు?”

హరికిషన్ తల ఊపబోయాడు. ఆ ఊపు పూర్తయ్యేలోపలే స్వర్ణలత వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది.

“ఆలోచించుకొని చెప్తం,” అంది.

బోయిన్‌పల్లి నుంచి పద్మారావు నగర్ దాకా హరికిషన్ ఊరుకోలేదు. సిగ్నల్ పడ్డ చోటల్లా ఆమె కాళ్ళవైపు చూశాడు. “చెప్తనే ఉన్న, క్లచ్ మీద కాలు పెట్టుకొని కూర్చోకని. చెప్తే కోపం నీకు.”

స్వర్ణలతకు అప్పటిదాకా నిజానికి కోపం రాలేదు. ముందు బస్సు, వెనక ఆటో, మధ్యలో అడ్డంగా దూరే స్కూటరు ఉండగా ఈ ఊళ్ళో ఫ్లైఓవర్ వాలు మీద హాఫ్ క్లచ్ లేకుండా బండి కదిలించిన మగవాడిని ఒక్కడిని చూపిస్తే, తాళంచెవి తాంబూలంలో పెట్టి ఇచ్చేసేది. కోపం వచ్చింది ఆయన తర్వాతి మాటకు.

“ఇంకొక్కసారి ఫెయిలైతే స్క్రాప్‌కే. నేను తుక్కు కొనే మనిషితో మాట్లాడిన కూడా.”

“ఎప్పుడు మాట్లాడిన్రు?”

“పొద్దున.”

“టెస్టు అయ్యింది మధ్యాహ్నం గద.”

హరికిషన్ కిటికీలోంచి బయటికి చూశాడు.

కారు కొని పదిహేనేళ్ళు నిండుతున్నాయి. మళ్ళీ రిజిస్ట్రేషన్ కావాలంటే పొగ సరిగా ఉందని తేలాలి. ఇన్నేళ్ళూ పొల్యూషన్ వ్యానువాడు నంబర్ ప్లేటుకు ఫోటో తీసి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాడే తప్ప, సైలెన్సర్‌లో గొట్టం దూర్చిన పాపాన పోలేదు. ఈసారి చూసినవాడెవడో కొత్తవాడిలా ఉన్నాడు, నిజంగానే దూర్చాడు. ఫెయిల్ అన్నాడు. ఇప్పుడు కారు పోతే హరికిషన్‌కు పోయేదేం లేదు, ఆయనకు ఆఫీసు బస్సుంది. పోయేది స్వర్ణలతకు. శనివారం తెల్లారకముందే అపార్ట్‌మెంటులోని ముగ్గురు ఆడవాళ్ళను ఎక్కించుకుని బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయి, డిక్కీ నిండా టమాటాలు, వెనక సీటు నిండా కొత్తిమీర వాసన వేసుకుని తిరిగి వచ్చే ఆ రెండు గంటలు ఆమెవి. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని అడగడానికి ఆ వేళ ఇంట్లో ఎవరూ నిద్ర లేవరు.

రాత్రి భోజనాల వేళకు సంగతి అత్తగారు విమలమ్మకు చేరింది. మర్నాడు లిఫ్టులో పైఅంతస్తు పైడిబాబు గారు ఎదురయ్యారు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ బ్యాంకులో స్థిరపడిన మనిషి. ఏ ఇంట్లో ఏది పాడైనా ముందు ఆయనకే తెలుస్తుంది, ఎలాగన్నది ఎవరికీ తెలియదు.

“ఏటండీ స్వర్ణలత గారూ, హాఫ్ క్లచ్ అంట కదా?” అన్నారు ఆప్యాయంగా, షుగరు వచ్చిందట కదా అని అడిగినట్టు.

లిఫ్టు మూడో అంతస్తు నుంచి కిందికి దిగేలోపల స్వర్ణలత నిర్ణయం తీసుకుంది.

ఆమె బీఎస్సీ కెమిస్ట్రీ. ఉత్ప్రేరకం అంటే ఏమిటో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నది: రసాయన చర్యను నడిపించి, చివరికి తాను మాత్రం ఏమీ మారకుండా మిగిలేది. పెళ్ళైన కొత్తలో ఆ నిర్వచనం తన భర్తకు సరిపోతుందనుకుంది. తర్వాత తెలిసింది, ఆయన చర్యను కూడా నడిపించడని. ఆ సాయంత్రం ఫోనులో వెతికి చదివింది. కారు కింద ఉండే ఆ డబ్బా లోపల పింగాణీ తేనెపట్టు లాంటిది ఒకటి ఉంటుంది. దాని సన్నటి కన్నాలకు ప్లాటినం, దాని చుట్టాలైన ఖరీదు లోహాలు పూత పూసి ఉంటాయి. అది కాలిపోవచ్చు, పగిలిపోవచ్చు, పూడుకుపోవచ్చు. క్లచ్ మీద ఎవరి కాలు ఎంతసేపుందన్న సంగతి మాత్రం దానికి తెలిసే దారి లేదు.

“కొత్తది కొందాం. కంపెనీది కాకపోతే బయటిది. ఇంట్లనే బిగిద్దాం, నా కండ్ల ముందట,” అంది హరికిషన్‌తో.

“ఇంట్లనా? మనకొస్తదా?”

“మీ దగ్గర పానాల సెట్టు ఉన్నది గద.”

అది సరైన చోట తగిలింది. హరికిషన్ దసరా ఆఫర్‌లో పానాల సెట్టు, రెండు జాకీ స్టాండ్లు తెప్పించుకుని ఉన్నాడు. ఇప్పటిదాకా వాటి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ పెట్టె మూత తీసి చూపించి మూసేస్తుంటాడు. ఆయన వెన్ను నిటారైంది.

“పెద్ద పనేం కాదనుకో,” అన్నాడు.

రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల దుకాణం. “ఏ మోడల్ సార్?” అన్నాడు కౌంటరు మీది మనిషి. సార్ స్వర్ణలత వైపు చూశాడు. స్వర్ణలత మోడలూ ఏడాదీ ఇంజను రకమూ చెప్పింది. “పెట్రోలా డీజిలా సార్?” అన్నాడా మనిషి. సార్ మళ్ళీ స్వర్ణలత వైపు చూశాడు. అలా నాలుగైదు ప్రశ్నలు సార్ మీదుగా ఆమెకు, జవాబులు సార్ మీదుగా దుకాణానికి నడిచాక, పాత పేపరులో చుట్టిన కన్వర్టర్ బయటికి వచ్చింది. అటొక గొట్టం, ఇటొక గొట్టం, మధ్యలో బొజ్జ. తళతళ మెరుస్తోంది. కొత్త ప్యాకింగులు, కొత్త బోల్టులు కూడా అడిగి తీసుకుంది. దాన్ని తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి పడుకున్నారు. అక్కడ పెట్టకుండా ఉండాల్సింది.

ఆదివారం పొద్దెక్కాక హరికిషన్ చొక్కా చేతులు పైకి మడుచుకుని వంటింట్లోకి పోతే గట్టు ఖాళీగా ఉంది.

“అమ్మా! ఇక్కడ డబ్బా ఉండాలె, ఏది?”

“కడిగి మిద్దె మీద ఎండకు పెట్టిన రా,” అంది విమలమ్మ తాపీగా.

“కడిగినవా?”

“కడగరా మరి? దుకాణంల నుంచి వచ్చిన స్టీలు సామాను ఎంతమంది చేతులు మారి వచ్చిందో ఏమో. చింతపండు పెట్టి తోమిన. లోపలికి చెయ్యి పోదు. చెంబుతోని నీళ్ళు పోసి ఒంపిన, జంతికల బిళ్ళ లెక్క ఏందో అడ్డమున్నది, ఒక్కొక్క చుక్క దిగుతది. జాము పట్టింది నాకు. ఎవరు చేసిన్రో గని ఒక గిన్నెకు అన్ని కన్నాలేందీ?”

ఆ ఇంట్లో కొత్త గిన్నె తోమకుండా పొయ్యి ఎక్కింది లేదు. కుక్కర్ అయినా, టిఫిన్ డబ్బా అయినా, మొన్న కొన్న నీళ్ళ ఫిల్టరు అయినా, విమలమ్మ చింతపండు దాటి లోపలికి రావలసిందే. ఈ పొగ డబ్బాకూ అదే మర్యాద జరిగింది. మిద్దె పిట్టగోడ మీద, వడియాల పక్కన, బొజ్జ మీద మూడు పసుపు బొట్లు, ఒక కుంకుమ బొట్టుతో అది ఎండ కాచుకుంటోంది.

మిద్దె ఎక్కి చూసిన హరికిషన్ తల పట్టుకున్నాడు. ఎలా బిగించాలో ఫోనులో వీడియో చూసి చెప్పడానికి వచ్చిన పైడిబాబు గారు దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు.

“సర్వనాశనం అండి. దాన్ని తడపకూడదండి బాబూ. చింతపండంటే యాసిడ్ కదండీ!”

“అది పింగాణీ,” అంది స్వర్ణలత. “వానల బండి పోతలేదా? పొద్దున్నుంచి ఎండల ఉన్నది, ఆరిపోయింది. ఏం గాదు.”

“నీకేం తెలుసు?” అన్నాడు హరికిషన్. “రేపు టెస్టు ఫెయిలైతే అప్పుడు తెలుస్తది, ఎందుకైందో.”

స్వర్ణలతకు అర్థమైంది. మొదట కోడలి కాలు, ఇప్పుడు అత్త చెయ్యి. ఫెయిలు కావడానికి కారణాలు వరుసగా సిద్ధమయ్యాయి, ఇక ఫెయిలు కావడమే తరువాయి. వడియాల పళ్ళెం పక్కకు జరిపి, బొట్లతో సహా డబ్బాను చంకన పెట్టుకుని కిందికి దిగింది.

సెల్లార్‌లో కారు ముందు భాగం జాకీ మీద లేచింది. జాకీని నమ్ముకుని దాని కింద దూరిన వాళ్ళ కథలు పైడిబాబు గారు రెండు చెప్పాక, స్టాండ్లు కవరు విప్పి పెట్టారు. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం వేశారు. హరికిషన్ చాప పరిచి వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. ఛాతీ దాకా పోయింది. ఆ తర్వాతి భాగం దగ్గర కారు ఒప్పుకోలేదు.

“ఇంకొంచెం జాకీ లేపు,” అన్నాడు లోపల్నుంచి.

“జాకీ కాదండి, మీరే కాస్త ఊపిరి బయటికి ఇడవాలి,” అన్నారు పైడిబాబు గారు.

చివరికి స్వర్ణలతే పాత సల్వార్ వేసుకుని, తలకు గుడ్డ కట్టుకుని కింద దూరింది. ముందురోజు తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచారు. అయినా పదిహేనేళ్ళ బోల్టులు మొండికేస్తాయని, అవసరమైతే కోయాలని వీడియోలో చెప్పాడు. ఆమె పానా పెట్టి బలమంతా కూడదీసుకుని తిప్పింది. బోల్టు వెన్నలో చెంచాలా జారి ఊడివచ్చింది. రెండోది కూడా అంతే. మూడోదాని తల మిగతా వాటిలా లేదు, వేరే రకం.

“చూసినవా, నా నూనె పవర్!” అన్నాడు పైనుంచి హరికిషన్.

“అందులోనే ఉంది టెక్నికండి!” అన్నారు పైడిబాబు గారు.

తుప్పు పట్టాల్సిన బోల్టు తుప్పు పట్టకుండా ఎలా ఉందో ఆ ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. స్వర్ణలత ఆ మూడో బోల్టును జేబులో వేసుకుంది. ఆక్సిజన్ సెన్సర్ విప్పి జాగ్రత్తగా పక్కన పెట్టింది. పాత కన్వర్టర్ చేతుల్లోకి దిగింది. చూడ్డానికి అంత ఉంది గానీ, బరువు లేదు. బయటికి తోసింది. పైడిబాబు గారు దాన్ని స్తంభం పక్కన పెట్టారు. ఎవరూ దాని మొహం చూడలేదు.

ఎందుకంటే అప్పటికి పెద్ద చర్చ మొదలైంది. కొత్తదాని మీద ఒక బాణం గుర్తుంది.

“బండి ముందుకు పోతాది. కాబట్టి బాణం ముందుకుండాల,” అన్నారు పైడిబాబు గారు.

“కరెక్ట్,” అన్నాడు హరికిషన్.

“బండి ఎటు పోతే ఏంది? పొగ ఎనక్కు గద పోయేది,” అంది కారు కింది నుంచి స్వర్ణలత.

“నువ్వు ఆగు స్వర్ణా, వీడియోల చూస్తున్నం.”

వీడియోలో ప్రకటన నడుస్తోంది. ఆమె కాసేపు పడుకునే ఉంది. పైన కారు అడుగు, కింద చాప; ఇన్నేళ్ళ సంసారంలో ఒకరు వచ్చి కూర అడగకుండా ఇంతసేపు పడుకోవడం ఇదే మొదటిసారి అనుకుంది.

అప్పుడు పంపు దగ్గర విమలమ్మ కేక వినిపించింది.

“ఓ స్వర్ణా! ఇటు రావే! దీనికి లోపల ఏం లేదేందే?”

పాత డబ్బాను పాత సామాన్లవాడికి వేద్దామని విమలమ్మ తీసుకుపోయింది. ఇంట్లోంచి బయటికి పోయే వస్తువును మసితో పంపితే ఆ ఇల్లాలి పరువేం కావాలి? కాబట్టి దాన్నీ తోమింది. తోమి, పొద్దున కొత్తదానికి పోసినట్టే ఒక చివర నుంచి చెంబెడు నీళ్ళు పోసింది. ఆ నీళ్ళు లోపల క్షణమైనా ఆగకుండా భళ్ళున వచ్చి ఆమె కాళ్ళ మీద పడ్డాయి. చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి.

“కొత్తదాంట్ల చుక్క చుక్క దిగినయి. ఇది మొత్తం నా మీదనే పోసింది. గొట్టం ఇది, గిన్నె కాదు.”

స్వర్ణలత కారు కింది నుంచి వచ్చింది. ముక్కు మీద మసి, గుడ్డలోంచి జారిన జుట్టు. డబ్బా అందుకుని ఒక చివర కన్ను పెట్టింది. లోపల తేనెపట్టు లేదు, దాని ముక్క లేదు, పొడి కూడా లేదు. అటు చివర పెద్దగా, తెల్లగా, ఆశ్చర్యంగా ఒక కన్ను కనిపించింది. పైడిబాబు గారిది. ఆయన అటునుంచి చూస్తున్నారు.

“మీరు ఇవతలికే కనబడతన్నారండి,” అన్నారాయన.

బొజ్జ చుట్టూ వేలితో తడిమింది. విమలమ్మ తోముడుకు పైనున్న వెండి రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. కింద బొజ్జ చుట్టూ కోసి, మళ్ళీ అతికించిన వెల్డింగ్ గీత. గాయానికి కుట్లు వేసినట్టు.

హరికిషన్ గొంతు సవరించుకున్నాడు. పెళ్ళైన నాటి నుంచి ఆ సవరింపు ఆమెకు తెలుసు. అది ఎప్పుడూ ఒట్టిగా రాదు.

“చెప్పండి,” అంది.

“అదేంలే… మూడేండ్ల కింద నువ్వు మీ అక్క దగ్గరికి నిజామాబాద్ పోయినప్పుడు, క్లచ్ ప్లేటు మార్చాలంటే సదాశివ మనిషిని పంపి బండి తీస్కపోయిండు గద. అప్పుడు అన్నడు, ‘సార్, కింద ఒక డబ్బా ఉన్నది, ఊపిరి పట్టేసినట్టు చేస్తది, జెర లూజ్ చేస్తే పికప్ పెరుగుతది’ అని. సరే చెయ్యమన్న. లూజ్ చేస్తడనుకున్న గని, మొత్తం తీసేస్తడని నాకేం తెలుసు?”

స్వర్ణలతకు అప్పుడు గుర్తొచ్చింది. నిజామాబాద్ నుంచి వచ్చాక ఆయన వారం రోజులు అదేపనిగా అడిగాడు: ‘పికప్ పెరిగినట్టు లేదా?’ తనకు ఎందుకు అడుగుతున్నాడో తెలియక, పెరిగిందండీ అని చెప్పింది, ఆయన సంతోషపడ్డాడు. అప్పటికే ఖాళీ డబ్బా. లోపలి తేనెపట్టు ఏ కరిగించేవాడి దగ్గరికో చేరిపోయింది.

“అంటే,” అంది నెమ్మదిగా, “అందులో ఉన్నది వాడు తవ్వుకొని అమ్ముకున్నడు. మీరు వాడికి సరే అన్నరు. మూడేండ్ల నుంచి నేను ఖాళీ డబ్బా వేసుకొని తిరుగుతున్న. మొన్న వాడే, బండి కిందికి వంగకుండనే, నేనే క్లచ్ మీద కాలు పెట్టి కాల్చేసిన అని చెప్పిండు. మీరు తలూపిన్రు. దారంతా నా కాళ్ళు చూసుకుంట వచ్చిన్రు. లేనిదాన్ని నేనెట్ల కాల్చిన? మంత్రమేసిన్నా?”

“స్వర్ణా, నేను…”

“లిఫ్టుల పైడిబాబు గారు అడిగిన్రు. వాచ్‌మెన్ భార్య అడిగింది. మీ అమ్మ రాత్రి అన్నం తినుకుంట అడిగింది. అందరికీ నా కాలే గుర్తున్నది. పాత డబ్బా నాకిడిసిపెట్టుండ్రి అని వాడు ఎందుకన్నడో మీకిప్పుడన్న అర్థమైందా?”

పైడిబాబు గారు లిఫ్టు ఎక్కడుందో వెతుకుతున్నట్టు చుట్టూ చూశారు.

“నేను ఊరికే అడిగానండి, ఏటో మాట వరసకి…”

విమలమ్మ కుచ్చిళ్ళు పిండుకుంటూ కొడుకును ఎగాదిగా చూసింది. “ఇంట్ల వస్తువు పోతే కోడలిమీదికే నూకినవారా? నేనన్న కడిగి చూసిన. నువ్వు ఏం చూసినవు?”

హరికిషన్ చాప మీద కూర్చుని చాప పుల్ల ఒకటి పీకుతున్నాడు.

స్వర్ణలత అరవదలుచుకోలేదు. అరిస్తే ఆయనకు తేలికైపోతుంది, అరుపు అయిపోగానే సంగతి కూడా అయిపోయిందనుకుంటాడు. కొత్త డబ్బాను తీసుకుని, బాణం వెనక్కి పెట్టి, ఎవరినీ అడగకుండా కారు కిందికి పోయింది. ప్యాకింగులు కూర్చింది, బోల్టులు అన్నీ చేతితో పట్టించాక ఒకదాని తర్వాత ఒకటి పానాతో బిగించింది. సెన్సర్ దాని చోట పెట్టింది. హరికిషన్ ఒక్కో పానా అందించాడు. అడిగిన సైజు కాక వేరేది ఇచ్చిన ప్రతిసారీ ఆమె దాన్ని తిరిగి ఇచ్చేది.

స్టార్టు చేస్తే ముందు తెల్లటి ఆవిరి వచ్చింది. దాని వెంట కాసేపు, పోపు పెట్టబోయే ముందు చారు మరిగే వాసన సెల్లార్ అంతా కమ్ముకుంది. పసుపు బొట్టు ఒకటి కాలినట్టుంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఉత్త గాలి.

“మంచిగ తోమిన,” అంది విమలమ్మ.

మర్నాడు టెస్టు. అదే కొత్తవాడు సైలెన్సర్‌లో గొట్టం దూర్చాడు. అంకెలు ఎక్కడం, దిగడం చూస్తూ స్వర్ణలత తలుపు హ్యాండిల్‌ను పట్టుకున్న చేయి వదల్లేదు. వాడు తెర వైపు చూసి, మళ్ళీ ఒకసారి చూసి, “పాస్ సార్,” అన్నాడు. “కొత్తది ఏపిచ్చిన్రా? ఎవరు గని మంచిగ ఫిట్ చేసిండు.”

“చేసిండు కాదు,” అన్నాడు హరికిషన్. అని, తన గొంతు తనకే కొత్తగా అనిపించి ఆగాడు. “చేసింది. మేడమే.”

స్వర్ణలత విన్నట్టు కనబడలేదు. స్క్రాప్ మనిషి నంబరు ఆయన ఫోనులోంచి తీసేయమని మాత్రం చెప్పింది, తీసేస్తుంటే చూసింది. పాత డబ్బాను ఆయన ఒళ్ళో పెట్టి, “పట్టుకొని కూర్చోండి,” అంది. బండి ఇంటివైపు తిరగలేదు.

బోయిన్‌పల్లి గ్యారేజీలో రద్దీగా ఉంది. ఒక స్కూటరు పక్కన ఇద్దరు నిలబడి ఉన్నారు. లోపల లిఫ్టు మీద ఒక ఎర్ర కారు లేచి ఉంది, దాని కింది గొట్టాలు విప్పి నేల మీద పరిచారు. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కాటన్ చీర కట్టుకుని, మెడలో బడి ఐడీ కార్డు వేసుకున్న ఆమె కూర్చుంది. కారు ఆమెది అని చేతిలోని తాళంచెవి చెబుతోంది. సదాశివ ఆమెకు వీపు పెట్టి, ఆమె ఫోనులోనే ఆమె భర్తతో మాట్లాడుతున్నాడు.

“…అవును సార్, మేడమ్ హాఫ్ క్లచ్ మీద నడుపుతరు. కాలిపోయింది. ఫికర్ చెయ్యకుండ్రి, పాతది నేనే…”

హరికిషన్‌ను చూసి ఫోను ఆమెకు ఇచ్చేశాడు. “ఆఁ సార్! రాండి రాండి. ఏమాలోచించిన్రు?” అంటూనే చూపు ఆయన ఒళ్ళోంచి చేతుల్లోకి వచ్చిన డబ్బా మీద పడింది. నవ్వు సగంలో ఆగింది.

హరికిషన్ డబ్బాను భార్య చేతికిచ్చాడు. “మేడమ్‌తోని మాట్లాడు,” అన్నాడు.

సదాశివ తల తిప్పాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి అతని చూపు స్వర్ణలత మొహం మీదికి వచ్చి ఆగింది. అలవాటు లేక తడబడింది.

“మేడమ్, అది పాతది మేడమ్, లోపల కాలిపోయి పొడి పొడి అయి…”

“ఒక చెంబు నీళ్ళు తెప్పించు,” అంది స్వర్ణలత.

ఎవరూ కదల్లేదు. కూలర్ పక్కనున్న స్టీలు చెంబును ఆమే ముంచుకుంది. స్కూటరు మనుషులిద్దరూ దగ్గరికి వచ్చారు. డబ్బాను నిలువుగా, సదాశివ బూట్ల మీదికి పట్టుకుంది.

“ఇది ఎట్లుండాలంటే, నీళ్ళు పోస్తే చుక్క చుక్క దిగాలె. మా అత్తమ్మ కొత్తదాంట్ల పోసి చూసింది,” అని చెంబు వంచింది.

నీళ్ళు భళ్ళున దిగి అతని బూట్లు నింపాయి.

“కాలినదైతే లోపల మసి ఉంటది. పగిలినదైతే ముక్కలుంటయి. దీంట్ల ఏమున్నది సదాశివ? కండ్లు పెట్టి చూడు. ఇదిగో, ఇక్కడ కోసి, ఇక్కడ అతికించినవు. రంగు సుత ఏసినవు, పోయింది, మా అత్తమ్మ చింతపండు పెట్టి తోమింది.” సంచిలోంచి ఆ వేరే రకం బోల్టు తీసి అతని అరచేతిలో పెట్టింది. “ఇది నీదే. నీ సామాను నీ దగ్గరుండాలె. మా సామాను మాత్రం నువ్వు అమ్ముకున్నవు. పైగ నా కాలు మీద పెట్టినవు.”

“మేడమ్, సార్ చెప్తేనే…” అన్నాడు సదాశివ, హరికిషన్ వైపు సాయానికి చూస్తూ.

“సార్ సంగతి ఇంట్ల నేను చూసుకుంట. ఆయన నీకంటె ఎక్కువ తిప్పలు పడతడు,” అంది స్వర్ణలత.

హరికిషన్ తల ఊపాడు, ఈసారి పూర్తిగా.

స్కూటరు మనిషి ఒకడు డబ్బా తీసుకుని కన్ను పెట్టి చూశాడు. “అరె, అవతలికి కనబడుతున్నదిరా భాయ్!” అని రెండోవాడికిచ్చాడు. వాడూ చూశాడు. సదాశివ బూట్లలోంచి నీళ్ళు కారుతుండగా ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాడు. దొరికిన ప్రతి మాటా ‘సార్’తో మొదలవుతోంది, వినడానికి సార్ ఎవరూ సిద్ధంగా లేరు.

స్వర్ణలత ఖాళీ చెంబును కూలర్ మీద పెట్టి బండి వైపు నడిచింది.

వెనక ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది. కాటన్ చీర ఆమె లేచింది. ఫోనులో భర్త ఇంకా “హలో, హలో, సదాశివ?” అంటూనే ఉన్నాడు. దాన్ని అలాగే కుర్చీలో బోర్లా పెట్టింది. నేల మీద పరిచిన తన కారు గొట్టాల్లోంచి బొజ్జ ఉన్నదాన్ని రెండు చేతులా ఎత్తింది. ఎత్తగానే, అంత తేలికగా ఎలా లేచిందా అన్నట్టు ఒకసారి దాని వైపు చూసుకుంది.

“అమ్మా, ఒక్క నిమిషం,” అని పిలిచింది స్వర్ణలతను. “ఆ చెంబు ఇటియ్యండి.”